గుర్రుమనే ఫ్రిజ్జూ, గుర్తించని ఇంటివాళ్ళూ

ఇంట్లో ఏ వస్తువు చప్పుడు చేసినా ముందుగా వినపడేది ఇల్లాలికి. ఆమె మాట నమ్మడం మాత్రం అందరికంటే ఆఖరున జరుగుతుంది. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో, ఏ కొళాయి కారుతోందో, మిక్సీ గొంతు ఎప్పుడు బొంగురుపోయిందో ఆమెకి తెలుసునని ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటారు. కానీ "ఫ్రిజ్జు ఎందుకో ఇవాళ వేరేగా చప్పుడు చేస్తోందండీ" అని ఒక్కసారి అని చూడండి. జవాబులు వరసగా వస్తాయి.

మొదటి జవాబు: "ఫ్రిజ్జన్నాక చప్పుడు చెయ్యదూ? అలవాటైపోతుందిలే." రెండో జవాబు: "నీకు తప్ప మాకెవ్వరికీ వినపడదే!" అంటే లోపం ఫ్రిజ్జులో లేదు, మన చెవిలో ఉందన్నమాట. మూడోది అన్నిటికంటే ఖరీదైన జవాబు: "పాతదైపోయింది, తోసేసి కొత్తది కొందాం."

ఈ మూడు జవాబులూ తప్పేనని నా వాదన. కారణం లేకుండా ఫ్రిజ్జు చప్పుడు చెయ్యదు. ఒక్కో కారణానికి ఒక్కో రకం చప్పుడు. చాలాసార్లు ఆ కారణం ఫ్రిజ్జు కడుపులో కాక, మనం దాన్ని నిలబెట్టిన చోట ఉంటుంది. రోజూ పదిసార్లు ఆ తలుపు తీసి వేసే మనిషి కంటే ఆ తేడా బాగా తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఇంకొకరుండరు. ఆమె మాట వినకుండా రిపేరుకి గానీ, కొత్త ఫ్రిజ్జుకి గానీ పైసా ఖర్చు పెట్టడం తెలివితక్కువ పని.

నేనుండేది మంగంపేటలో. రైల్వేకోడూరు వైపు తిరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్ళకి ముగ్గురాయి గనుల ఊరంటే తెలుస్తుంది. పెద్దపెద్ద కాగితాల్లో దాన్ని బెరైటీస్ అని రాస్తారు. ఒకే చోట అంత ముగ్గురాయి ఉన్న తావులు ప్రపంచంలోనే అరుదు. నేలని పెద్ద చెరువులా తవ్వి, మందు పెట్టి పేల్చి, రాయిని లారీలకెత్తి పంపుతారు. అందువల్ల మా ఊళ్ళో ఫ్రిజ్జు చప్పుడు గురించి నోరు విప్పిన ఆడదానికి నాలుగో జవాబు ఒకటి అదనంగా దొరుకుతుంది. "గనిలో మందు పేలితే ఊరుకుంటావు, ఫ్రిజ్జు గుర్రుమంటే గోల చేస్తావా?" అని.

చూశారా న్యాయం! గనిలో పేలుడు ఒకసారి పేలి ఊరుకుంటుంది. ఎక్కణ్ణించి వచ్చిందో, ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. ఫ్రిజ్జు అట్లా కాదే! ఊరంతా నిద్రపోయాక, ఫ్యాను తప్ప ఇంకేమీ వినపడని వేళ, వంటింట్లో గంటల తరబడి ఒకే సన్నటి హోరు. పెద్ద చప్పుడు మనల్ని ఉలికిపడేట్టు చేస్తుంది, చిన్న చప్పుడు నిద్ర పట్టనివ్వదు. రెండూ రెండు బాధలు. ఒకటి ఉందని రెండోది లేకుండా పోదు. ఆ మాటకొస్తే 2000 సంవత్సరంలో మన దేశంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకి పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45 డెసిబెల్సు అని వేరువేరుగా హద్దు పెట్టారు. అవి ఇంటి బయట చప్పుళ్ళకి పెట్టిన హద్దులే అనుకోండి. అయినా రాత్రి చెవి వేరు, పగటి చెవి వేరు అన్న సంగతి ప్రభుత్వానికి కూడా తెలిసిందన్నమాట. మనింటి మగమహారాజులకే ఇంకా తెలియలేదు.

ఇంకో విడ్డూరం వినండి. మా ముగ్గురాయి మహా బరువు. అదే పరిమాణం నీళ్ళకంటే నాలుగు రెట్లు పైనే తూగుతుంది. ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేచోటికి పోతుంది గానీ, దాన్ని పొడిచేసి రబ్బరులోనూ ప్లాస్టిక్కులోనూ కలిపి, చప్పుడు మింగే బరువైన పలకలు కూడా చేస్తారు. కార్లలో కూర్చున్నవాళ్ళకి ఇంజను మోత వినపడకుండా అటువంటివి వేస్తారు. అంటే ఈ రాయి జాతి, కారులో పోయేవాళ్ళ చెవులకి సుఖం ఇస్తోంది. ఆ రాయి పుట్టిన ఊళ్ళో ఉన్న ఇల్లాలు మాత్రం తన వంటింట్లో చప్పుడు గురించి అడిగితే "అలవాటు చేసుకో" అనిపించుకోవాలి!

సరే, కోపం పక్కన పెట్టి అసలు ఫ్రిజ్జు ఎందుకు చప్పుడు చేస్తుందో చూద్దాం. ఇది తెలిస్తే సగం గొడవలు తీరిపోతాయి.

ఫ్రిజ్జు వెనక, కింద, నల్లటి కుండలాంటిది ఉంటుంది. అదే కంప్రెసరు. లోపల మోటారూ పంపూ రెండూ స్ప్రింగుల మీద కూర్చుని ఉంటాయి. అది గ్యాసుని నొక్కి వేడెక్కిస్తుంది. ఆ వేడి వెనక జాలీలో గానీ, పక్క గోడల్లో దాచిన గొట్టాల్లో గానీ బయటికి పోతుంది. చల్లారి ద్రవమైన గ్యాసు వెంట్రుకంత సన్నటి గొట్టంలో దూరి, లోపలి గదికి పోయి మరిగి, అక్కడి వేడిని లాక్కుంటుంది. మళ్ళీ కంప్రెసరుకి వస్తుంది. ఇంతే కథ. అంటే ఫ్రిజ్జు చలిని పుట్టించదు, లోపలి వేడిని మోసుకొచ్చి మన వంటింట్లో పోస్తుంది. మోసే కూలీ కదా, మూలగకుండా ఎట్లా ఉంటుంది?

మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాని అయస్కాంత శక్తి సెకనుకి 100 సార్లు మోటారు ఇనుమును లాగి వదులుతుంది. మీరు వినే ఆ "మ్..." అనే సన్నటి శ్రుతి ఇదే. అది ఉండాల్సిందే. కంప్రెసరు ఆగినప్పుడు ఒకసారి "దడ్"మని ఒళ్ళు విదిల్చుకోవడం, తర్వాత గొట్టాల్లో "గుడగుడ"మనడం కూడా మామూలే. నొక్కుడు ఆగిపోయాక గ్యాసు అటూ ఇటూ సర్దుకునే చప్పుడది. రాత్రిపూట ఉన్నట్టుండి "టప్"మంటే దయ్యమూ కాదు, బల్లీ కాదు. చలికి ముడుచుకున్న ప్లాస్టిక్కు వేడికి సాగుతోంది. తనంత తాను మంచు కరిగించుకునే ఫ్రాస్ట్ ఫ్రీ రకాల్లో "చుర్రు"మని పోపు వేసినట్టు వినపడుతుంది. వేడి తీగ మీద నీటిబొట్టు పడిందంతే. ఈ మధ్య వస్తున్న ఇన్వర్టరు కంప్రెసర్లు ఆగి ఆగి కాక, నెమ్మదిగా చాలాసేపు తిరుగుతాయి. వాటి చప్పుడు తక్కువే గానీ "ఇది ఎప్పుడూ ఆగదేమిటమ్మా" అనిపిస్తుంది. దాని తీరే అంత.

వీటిలో దేనికీ భయపడనక్కర్లేదు, ఎవర్నీ పిలవనక్కర్లేదు. నేను పోట్లాడుతున్నది వీటి గురించి కాదు. నిన్నటిదాకా లేకుండా ఇవాళ కొత్తగా మొదలైన చప్పుడు గురించి. తలుపు సందులోంచి గిలగిల, వెనక నుంచి దడదడ, పైనుంచి గరగర, నాలుగు నిమిషాలకోసారి టక్కుమనడం... వీటి గురించి.

ముందు నేల సంగతి. మన సీమ ఇళ్ళల్లో కడప బండలు పరవడం తరతరాల అలవాటు. ఎండాకాలం కాళ్ళకి ఎంత హాయి! కానీ బండకీ బండకీ మధ్య ఎచ్చుతగ్గులు లేని ఇల్లు నాకు చూపించండి. ఫ్రిజ్జు ఒక కాలు ఒక బండ మీద, ఇంకో కాలు పక్క బండ మీద పడిందా, నాలుగు కాళ్ళల్లో ఒకటి గాల్లోనే. మోటారు తిరిగినప్పుడల్లా ఆ కాలు బండని తడుతూనే ఉంటుంది. ముందు కాళ్ళకి తిప్పే మరలుంటాయి. వాటిని సరిచేసి, ఫ్రిజ్జు ఒక్క పిసరు వెనక్కి వాలేట్టు పెడితే కదలడం మానుతుంది, తలుపు కూడా తనంత తనే మూసుకుంటుంది. పైసా ఖర్చు లేదు. మనవాళ్ళేం చేస్తారు? ఎత్తుగా కనపడాలని బజార్లో చక్రాల స్టాండు కొనుక్కొచ్చి దానిమీద ఎక్కిస్తారు. అడుగున డొల్లగా ఉన్న ఆ స్టాండు చప్పుడుని తగ్గించకపోగా డప్పులాగా పెంచుతుంది.

తర్వాత చోటు సంగతి. వంటింట్లో తిరిగే మనిషిని అడిగి ఫ్రిజ్జు స్థలం నిర్ణయించిన ఇళ్ళు ఎన్ని? ఇల్లు కట్టేటప్పుడే మేస్త్రీ, ఇంటాయనా కలిసి కొలత లేకుండా గోడలో ఒక గూడు వదులుతారు. ఫ్రిజ్జుని అందులోకి తోస్తారు, అటు ఇటు వేలు కూడా దూరదు. లేదా వచ్చేపోయేవాళ్ళకి కనపడాలని హాల్లో మూలకి పెడతారు. వెనక నుంచి వచ్చే వేడి పోవడానికి దారేది? ఆ వేడి పోకపోతే కంప్రెసరు ఆగదు. మా వైపు వేసవిలో వంటగది ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ, లోపల పొయ్యి, మధ్యలో ఊపిరాడని ఫ్రిజ్జు. అది గుర్రుమంటోందని విసుక్కోవడం, మూట మోసేవాడి ముక్కు మూసి "ఎందుకట్లా రొప్పుతావు" అని అడిగినట్టుంది. వెనకా పక్కలా పైనా గాలి ఆడేట్టు జాగా వదలండి. ఎంత వదలాలో ఫ్రిజ్జుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంటుంది. ఆ పుస్తకం బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది!

అలంకారం సంగతి కూడా చెప్పుకోవాలి. పైన కుట్టుపని చేసిన గుడ్డ, దానిమీద పూలకుండీ, పక్కన స్టీలు పళ్ళెం, గాజు బొమ్మలు. ఒక్కోటీ మోటారుతో పాటు వణుకుతుంది. లోపల తలుపు అరలో సీసాలు ఒకదాన్నొకటి ఆనుకుని గిలగిలమంటాయి. వెనక కంప్రెసరు మీద, కరిగిన నీళ్ళు పట్టే చిన్న పళ్ళెం ఒకటుంటుంది, ఆ సంగతే చాలామందికి తెలియదు. అది గాడి తప్పితే దడదడమని ఇల్లంతా అదరగొడుతుంది. కొత్త చప్పుడు వినపడగానే చెయ్యాల్సిన మొదటి పని మెకానిక్కుకి ఫోను చెయ్యడం కాదు. పైనున్నవన్నీ దించి, సీసాలు ఎడం చేసి, అరచెయ్యి ఫ్రిజ్జు పక్కన ఆనించి వినడం. మీరు చెయ్యి ఆనించగానే చప్పుడు మారిందా, అది వదులైన వస్తువుదే.

మా ఊళ్ళో ఇంకో శత్రువు దుమ్ము. రాయి తవ్వే ఊరు, పొడి కొట్టే మిల్లులు, పగలూ రాత్రీ లారీలు. తుడిచిన గంటకే కిటికీ మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ దుమ్ము వెనక జాలీ మీద దుప్పటిలా పరుచుకుంటుంది. వేడి బయటికి పోదు, కంప్రెసరు ఎక్కువసేపు తిరుగుతుంది, బిల్లు కూడా పెరుగుతుంది. నెలకో రెండు నెలలకో ప్లగ్గు పీకేసి, పొడి కుంచెతో జాలీ దులిపితే చాలు. గని దుమ్ము లేని ఊళ్ళవాళ్ళకి మన రోడ్ల దుమ్ము ఉండనే ఉంది, బెంగపడకండి.

తలుపు రబ్బరు విషయం మరిచిపోకూడదు. దాని కడుపులో అయస్కాంతపు పట్టీ ఉంటుంది. ఫెర్రైటు పొడిని రబ్బరులాంటి పదార్థంలో కలిపి దాన్ని చేస్తారు. ఆ ఫెర్రైటులో ఒక రకానికి బేరియం కావాలి. ఆ బేరియానికి పుట్టిల్లు మా ముగ్గురాయే. అందుకే తలుపు "టప్"మని అతుక్కున్నప్పుడల్లా నాకు మా ఊరి చుట్టరికం గుర్తొస్తుంది. ఆ రబ్బరు మురికిపట్టి బిరుసెక్కితే సందులోంచి వేడిగాలి లోపలికి పోతుంది, మంచు పేరుకుంటుంది, కంప్రెసరుకి విశ్రాంతి ఉండదు. ఒక కాగితం తలుపులో పెట్టి మూసి లాగండి. జారి వచ్చేస్తే రబ్బరు పట్టు పోయిందని అర్థం. ముందు సబ్బునీళ్ళతో తుడిచి చూడండి. అప్పటికీ పట్టకపోతే రబ్బరు మార్పించండి, ఫ్రిజ్జుని కాదు.

ఇవన్నీ ఇంట్లో మనం చూసుకోగలిగినవి. రెండు చప్పుళ్ళు మాత్రం ఉన్నాయి, వాటిని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

ఒకటి: "మ్..." అని ఒక్క క్షణం మూలిగి, "టక్"మని ఆగి, కొన్ని నిమిషాలకి మళ్ళీ అదే పాట. కంప్రెసరు లేవబోయి లేవలేక కూలబడుతోందన్నమాట. పక్కనున్న చిన్న రక్షణ మీట కరెంటు ఆపి దాన్ని కాపాడుతోంది. వోల్టేజి బాగా పడిపోయినప్పుడు ఇట్లా జరుగుతుంది. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కూడా, గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోకముందే మోటారు లేవబోతే ఇదే తంతు. పల్లెల్లో వేసవి సాయంత్రాలు లైట్లు ఎర్రగా మినుకుమంటున్నప్పుడు విని చూడండి. అటువంటప్పుడు ప్లగ్గు తీసేసి కాసేపు ఊరుకోవాలి. కరెంటు బాగున్నప్పుడు కూడా అదే వరస అయితే అప్పుడు తెలిసినవాణ్ణి పిలవాలి. "ఏదో టక్కుమంటోంది" అని ఇల్లాలు చెప్పినప్పుడు నవ్వి ఊరుకున్న ఇళ్ళల్లోనే మోటారు చుట్టలు కాలిపోతాయి.

రెండోది: ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్జుల్లో పైనుంచి గరగర. లోపలి చిన్న ఫ్యాను రెక్కలకి మంచు తగులుతోందన్నమాట. తలుపు తియ్యగానే ఆ చప్పుడు ఆగిపోతే అనుమానం ఫ్యాను మీదే, ఎందుకంటే చాలా రకాల్లో తలుపు తీస్తే ఫ్యాను ఆగుతుంది. కంప్రెసరుకీ దీనికీ సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే మీకు కొన్ని వేల రూపాయలు మిగలొచ్చు. ఎట్లాగంటారా?

మా వీధిలో ఒకావిడ ఉంది. ఫ్రిజ్జు దడదడమంటోందని వారం రోజులు చెప్పింది. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. చివరికి మెకానిక్కు వచ్చాడు. ఆమె "వెనక కిందనించి వస్తాండాది నాయనా, ఆగేటప్పుడు ఎక్కువగా ఉంటాది" అని చెబుతూనే ఉంది. అతను ఆమె వైపు చూడనైనా చూడలేదు. ఇంటాయనతో, "గ్యాసు అయిపోయింటాది సార్, కంప్రెసరు కూడా వీకైంది, మార్చాల్సిందే" అన్నాడు. ఇంటాయన తల ఊపాడు. ఆమె నన్ను పిలిచింది. ఇద్దరం ప్లగ్గు పీకి, ఫ్రిజ్జుని ముందుకి జరిపి చూస్తే ఏముంది? నీళ్ళ పళ్ళెం గాడిలోంచి జారి కంప్రెసరు మీద ఆడుతోంది. సరిగ్గా కూర్చోబెట్టాం. చప్పుడు పోయింది. కంప్రెసరు ఇప్పటికీ అదే, గ్యాసూ అదే.

మెకానిక్కులంతా ఇట్లాంటివాళ్ళని నేననను. పనితనం తెలిసినవాళ్ళు వచ్చీరాగానే అడిగే మొదటి ప్రశ్న, "ఎప్పట్నించమ్మా? ఏ వేళప్పుడు?" అని. ఆ ప్రశ్న అడగనివాడికి ఫ్రిజ్జు అప్పగించకండి. ఇక "గ్యాసు అయిపోయింది" అన్న మాట సంగతి. ఇది వంట గ్యాసు సిలిండరు కాదమ్మా, వాడుతుంటే తరిగిపోవడానికి! ఫ్రిజ్జు గొట్టాలు పూర్తిగా మూసేసి ఉంటాయి. అదే గ్యాసు ఏళ్ళ తరబడి తిరుగుతూ ఉంటుంది. ఎక్కడో చిల్లి పడితే తప్ప పోదు. పోతే ముందు తెలిసేది చప్పుడుతో కాదు, లోపల చల్లదనం తగ్గడంతో. చిల్లి ఎక్కడుందో చూపించకుండా గ్యాసు నింపుతానన్నవాడు చిల్లికుండలో నీళ్ళు పోస్తానంటున్నాడు. పైగా ఇప్పటి చాలా ఫ్రిజ్జుల్లో వాడే ఐసోబ్యూటేను మంటపట్టే గ్యాసు. దానితో వంటింట్లో నిప్పుపెట్టి అతుకులు వెయ్యడం తెలియనివాళ్ళు చెయ్యాల్సిన పని కాదు.

"ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా" అంటారు కొందరు. ఇది చిన్న విషయం కాదని చెప్పడానికి కాస్త వెనక్కి వెళ్ళాలి. అసలు ఫ్రిజ్జు ఇట్లాగే చప్పుడు చెయ్యాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. 1922లో స్వీడనులో ఇద్దరు కుర్ర ఇంజనీర్లు, ప్లాటెన్, ముంటర్స్ అనేవాళ్ళు, మోటారు లేకుండా కేవలం వేడితో నడిచే ఫ్రిజ్జు కనిపెట్టారు. చిన్న గ్యాసు మంట చాలు, తిరిగే భాగమే లేదు, చప్పుడు దాదాపు ఉండదు. అమెరికాలో సర్వెల్ అనే కంపెనీ 1926 నుంచి అటువంటివి అమ్మింది. మరి అవెందుకు ప్రతి ఇంటికీ రాలేదు? రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో వచ్చిన తన పుస్తకంలో ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. మోటారు ఫ్రిజ్జుల వెనక పెద్దపెద్ద కరెంటు కంపెనీలున్నాయి, వాటికి డబ్బుంది, ప్రకటనల బలముంది. చప్పుడు లేని ఫ్రిజ్జు వెనక ఆ అండ లేదు. గ్యాసు ఫ్రిజ్జుకి దాని లోపాలు దానికున్నాయి, కాదనను. కానీ ఏది గెలవాలో తేలింది వంటింట్లో కాదు, కంపెనీ గదుల్లో. అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ రాత్రి పదింటికి గిన్నెలు సర్దేవాళ్ళు కారు.

ఐన్‌స్టీను కూడా ఫ్రిజ్జు జోలికి వెళ్ళాడంటే నమ్ముతారా? బెర్లినులో ఒక ఇంట్లో ఫ్రిజ్జు విషవాయువు కారి కుటుంబమంతా చనిపోయిందని పేపర్లో చదివి, 1926 ప్రాంతంలో జిలార్డ్ అనే మిత్రుడితో కలిసి, కారే అవకాశమే లేని ఫ్రిజ్జు చెయ్యాలని పూనుకున్నాడు. 1930లో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. వాళ్ళు చేసిన ఒక పంపులో తిరిగే భాగాలే లేవు, ద్రవ లోహాన్ని అయస్కాంత శక్తి తోస్తుంది. తీరా నడిపితే నక్కలా ఊళ వేసిందట! ఆ చప్పుడు తగ్గించడానికి ఇంజనీర్లు నానా తంటాలూ పడ్డారు. అక్కడ ఎవరూ "అలవాటైపోతుందిలే" అనలేదు చూశారా? చప్పుడు కూడా ఒక లోపమేనని, దానికి కారణం వెతకాలని వాళ్ళు పని చేశారు. అంత పెద్దవాళ్ళకి లోపమైనది మన వంటింట్లోకి వచ్చేసరికి ఇల్లాలి భ్రమ ఎట్లా అయింది?

మన దేశంలో తయారైన మొదటి ఫ్రిజ్జు 1958లో గోద్రెజ్ వాళ్ళది. తర్వాత మన హైదరాబాదు ఆల్విన్ ఫ్రిజ్జు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎంత గౌరవంగా వెలిగిందో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆనాడు ఫ్రిజ్జు ఉండటమే గొప్ప, అది గుర్రుమన్నా గొప్పే. వీధి చివరికి వినపడితే ఇంకా గొప్ప! ఇవాళ ఆ మోజు తీరింది. అప్పులు కట్టే ఇళ్ళల్లోనూ ఫ్రిజ్జుంది. ఇప్పుడైనా అది ఎట్లా ఉండాలో అడిగే హక్కు మనకి లేదా?

కొట్టుకి వెళ్ళండి. ఫ్రిజ్జు మీద నక్షత్రాల చీటీ ఉంటుంది. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో, ఎన్ని లీటర్లు పడుతుందో రాసి ఉంటుంది. ఎంత చప్పుడు చేస్తుందో ఆ చీటీ మీద ఉండదు. ఐరోపా దేశాల్లో 2021 మార్చి నుంచి అమలైన కొత్త చీటీ మీద డెసిబెల్సు అంకె, దాని పక్కన ఎ నుంచి డి వరకూ తరగతి కూడా వెయ్యాలి. 30 లోపైతే ఎ, 42కి చేరితే డి. అక్కడి ఇల్లాలు అంకె చూసి కొంటుంది. మన ఇల్లాలు కొని, ఇంటికి తెచ్చుకుని, రాత్రి విని తెలుసుకోవాలి. అప్పుడు మళ్ళీ "అలవాటు చేసుకో" అనిపించుకోవాలి. ఒకటి రెండు గదుల ఇళ్ళల్లో ఫ్రిజ్జు పక్కనే చాప వేసుకుని పడుకునే సంసారాలు మన దగ్గరే కదా ఎక్కువ? చప్పుడు అంకె అవసరం వాళ్ళకంటే మనకే ఎక్కువ. అమ్మేవాణ్ణి అడగండి. "డెసిబెల్సు ఎంత నాయనా?" అని ఒకరు అడిగితే నవ్వుతాడు, పదిమంది అడిగితే పుస్తకం తిరగేస్తాడు, ఊళ్ళో అందరూ అడిగితే కంపెనీయే అచ్చు వేస్తుంది. పుల్లలు ఒక్కొక్కటే పేర్చితేగదా పొయ్యి మండేది!

చెప్పొచ్చేదేమిటంటే, ఇకమీదట ఫ్రిజ్జు వేరేగా చప్పుడు చేస్తే మీ చెవిని మీరు అనుమానించుకోకండి. ఎప్పుడు మొదలైందో కేలండరు మీద గుర్తు పెట్టుకోండి. కింద నుంచా, పైనుంచా, వెనకనుంచా వినండి. తలుపు తీస్తే ఆగుతోందా, కరెంటు తగ్గినప్పుడే వస్తోందా చూడండి. చేతిలో సెల్‌ఫోను ఉంది కదా, ఆ చప్పుడు రికార్డు చేసి ఉంచండి. మెకానిక్కు వచ్చినప్పుడల్లా నోరు మూసుకునే గుణం ఫ్రిజ్జులకి ఉంది. కంప్రెసరు మార్చాలన్నవాణ్ణి ఎందుకు మార్చాలో మీకు చెప్పమనండి, మీ వారికి కాదు. పాతదాన్ని తోసేద్దామన్నవాళ్ళకి ముందు గోడకీ ఫ్రిజ్జుకీ మధ్య ఎంత సందుందో కొలిచి చూపించండి.

ఇంటాయనలకీ ఒక మాట. మీ స్కూటరు ఇంజను రవ్వంత తేడాగా మోగితే సందు చివర్నించే పసిగట్టి, ఆ సాయంత్రమే షెడ్డుకి తీసుకెళతారు. అది భ్రమని మేం ఎప్పుడైనా అన్నామా? స్కూటరు విషయంలో మీ చెవికి ఉన్న మర్యాదే ఫ్రిజ్జు విషయంలో మా చెవికీ ఇవ్వండి. మేం అడుగుతున్నది కొత్త ఫ్రిజ్జు కాదు. ఈసారి మేం "చప్పుడొస్తోందండీ" అన్నప్పుడు పేపరు పక్కన పెట్టి, లేచొచ్చి, ఒక్క నిమిషం వినమంటున్నాం.